అక్టోబర్‌లో వస్తున్న మర్రో–మెకార్తీ సినిమా: మీరేం ఆశిస్తున్నారు?

పాతరేడియో (న్యూజెర్సీ) | 12 సెప్టెంబర్ 2005

మొన్న శనివారం వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డులు ప్రకటించారు. జార్జ్ క్లూనీ తీసిన ‘గుడ్ నైట్, అండ్ గుడ్ లక్’ సినిమాకి ఉత్తమ నటుడి అవార్డు (డేవిడ్ స్ట్రాథెర్న్), ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు (క్లూనీ, గ్రాంట్ హెస్లోవ్) వచ్చాయి. ఈ నెల 23న న్యూయార్క్ ఫిల్మ్ ఫెస్టివల్ దీనితోనే మొదలవుతుంది. అక్టోబర్ 7 నుంచి థియేటర్లలో ఆడుతుంది. మొదట కొన్ని ఊళ్ళలోనే.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. 1950 ఫిబ్రవరి 9న విస్కాన్సిన్ సెనేటర్ జోసెఫ్ మెకార్తీ వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ అనే ఊళ్ళో మాట్లాడుతూ, విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారు, జాబితా నా చేతిలో ఉంది అన్నాడు. అప్పటికి రష్యా అణుబాంబు పేల్చి ఆరు నెలలు కాలేదు, చైనా మావో చేతికి వెళ్ళిపోయింది, జనం బెదిరిపోయి ఉన్నారు. అక్కణ్ణుంచి నాలుగేళ్ళపాటు ఆయన పేరు చెబితే ఉద్యోగులు, ప్రొఫెసర్లు, సైనికాధికారులు వణికిపోయారు. 1954 మార్చి 9 రాత్రి సీబీఎస్ టీవీలో ఎడ్వర్డ్ ఆర్. మర్రో తన ‘సీ ఇట్ నౌ’ కార్యక్రమంలో అరగంటసేపు ఆయన మీద రిపోర్టు ప్రసారం చేశాడు. సినిమా ఆ కొద్ది నెలల గురించే.

నాకు మర్రో అంటే ముందు రేడియో మనిషి. 1940లో లండన్ మీద జర్మన్ బాంబులు పడుతుంటే అక్కడి నుంచే వార్తలు చెప్పినవాడు. పోరాటాలూ ఉపన్యాసాలూ చేసే రకం కాదు. అలాంటి మనిషి ఆ రాత్రి ఏం చేశాడో, ఎలా చేశాడో సినిమా నిదానంగా చూపిస్తే చాలు. మీరేం ఆశిస్తున్నారు?

సినీలోకం (హైదరాబాద్) | 12 సెప్టెంబర్ 2005

నలుపు తెలుపులో తీశారట కదా, అందుకే ఆసక్తి. మెకార్తీగా ఎవరు వేస్తున్నారు? తారాగణంలో ఎంత వెతికినా ఆ పేరు కనబడలేదు. ఇక్కడికి వస్తుందో రాదో అని టెన్షన్. వచ్చినా ఒక్క వారం, అదీ రెండో ఆట ఒక్కటే వేస్తారు.

పాతరేడియో | 13 సెప్టెంబర్ 2005

మెకార్తీగా ఎవరూ వేయడం లేదండీ. పాత ఫిల్ముల్లో ఉన్న అసలు మెకార్తీనే చూపిస్తారు. సినిమా నలుపు తెలుపులో ఉండటానికి అదీ ఒక కారణం. కొత్త షాట్లు, యాభై ఏళ్ళనాటి షాట్లు పక్కపక్కన అతికినట్టు కలవాలి.

నన్ను లాగింది కూడా ఇదే, ఎందుకంటే మర్రో చేసిందీ సరిగ్గా అదే. ఆ అరగంటలో ఎక్కువ భాగం తెర మీద మాట్లాడింది మెకార్తీయే. ఒకచోట ఆయన పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూని కమ్యూనిస్టుల ముసుగు సంస్థగా గుర్తించారని అంటాడు. క్లిప్పు ఆగుతుంది. మర్రో తల ఎత్తి, అటార్నీ జనరల్ గానీ ఎఫ్‌బీఐ గానీ మరే ప్రభుత్వ విభాగం గానీ ఆ సంస్థని ఏ జాబితాలోనూ చేర్చలేదని ఒక్క ముక్కలో చెప్పి తర్వాతి క్లిప్పుకి వెళ్ళిపోతాడు. ఇంకోచోట మెకార్తీ, నన్ను విమర్శించేవి వామపక్ష పత్రికలే అంటాడు. మర్రో పక్కన పత్రికల దొంతర ఉంటుంది. ఒక్కొక్కటే తీసి చదువుతాడు. వాటిలో షికాగో ట్రిబ్యూన్ కూడా ఉంది, అది మెకార్తీని మోసిన పత్రిక. అదే ఆయనకి, విచారణ చేసేవాడి పని వేరు, పగ తీర్చుకునే దేవదూత పని వేరు అని హితవు చెప్పింది.

గొంతు పెంచడు, తిట్టడు. చేతిలో సిగరెట్, ముందు కాగితాలు. ‘ఈ మాట ఇతను అన్నాడు, నిజం ఇదీ’ అని చెప్పుకుంటూ పోతాడు.

డెట్రాయిట్ శ్రీను | 14 సెప్టెంబర్ 2005

మార్చి 9 గురించి అందరూ చెబుతారు. మా మిషిగన్ వాళ్ళకి మాత్రం అసలు కథ 1953 అక్టోబర్ 20న మొదలవుతుంది. ఆ రోజు మర్రో చూపించింది మైలో రాడులోవిచ్ కేసు.

ఈ మనిషి ఎయిర్ ఫోర్స్ రిజర్వులో లెఫ్టినెంట్, వాతావరణ నిపుణుడు. వయసు 26. డెక్స్టర్‌లో ఉంటూ మిషిగన్ యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. 1953 ఆగస్టులో రాజీనామా చెయ్యమన్నారు. కారణం? ఆయన తప్పేమీ లేదని వాళ్ళే ఒప్పుకున్నారు. తండ్రి సెర్బియన్ పత్రిక తెప్పించుకుంటాడు, సోదరికి వామపక్ష భావాలున్నాయి, వాళ్ళతో దగ్గరగా ఉంటున్నాడు కాబట్టి దేశ భద్రతకు ముప్పు అన్నారు. విచారణ జరిగింది. ఆ ఆరోపణలకు ఆధారాలంటూ చూపించినవి ఒక కవర్‌లో సీలు వేసి ఉన్నాయి. విచారణ అయిపోయేదాకా ఆ కవర్ తెరవలేదు! లోపల ఏముందో ఆయనకీ తెలియదు, ఆయన లాయర్లకీ తెలియదు. సంబంధం తెంచుకో అంటే ఒప్పుకోలేదు. రేపు నా పిల్లల్ని కూడా నాతో సంబంధం తెంచుకోమంటారా అని కెమెరా ముందు అడిగాడు.

తండ్రి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ముసలాయన. ప్రెసిడెంట్‌కి రాసుకున్న ఉత్తరంలో, నాకేమీ వద్దు, నా కొడుక్కి న్యాయం చెయ్యండి అన్నాడు. అదంతా టీవీలో వచ్చింది.

ఇంకో రెండు సంగతులు. ఈ వార్త మర్రో కంటపడింది డెట్రాయిట్ న్యూస్‌లో. అంటే ముందు రాసింది ఊరి పత్రికే. రెండోది, ప్రసారం గురించి ప్రకటన ఇవ్వడానికి సీబీఎస్ ఒప్పుకోకపోతే మర్రో, ఆయన నిర్మాత ఫ్రెడ్ ఫ్రెండ్లీ సొంత జేబులోంచి 1,500 డాలర్లు పెట్టి న్యూయార్క్ టైమ్స్‌లో వేయించుకున్నారు. అందులో సీబీఎస్ గుర్తు కూడా లేదు. నెల తిరిగేసరికి, నవంబర్ 24న, ఎయిర్ ఫోర్స్ కార్యదర్శి అదే కార్యక్రమంలోకి వచ్చి మైలోని ఉద్యోగంలో ఉంచుతున్నాం అని చెప్పాల్సి వచ్చింది.

మైలో గారు ఇప్పటికీ ఉన్నారు, కాలిఫోర్నియాలో. సినిమా వాళ్ళు ఆయన్ని సంప్రదించారట. ఈ సినిమాలో నేను చూడాలనుకునేది ఆయన్నే.

సినీలోకం | 14 సెప్టెంబర్ 2005

సీలు తెరవని కవర్... చదువుతుంటే ఒళ్ళు జలదరించింది శ్రీను గారూ. ఇది సినిమాలో లేకపోతే అన్యాయం.

వేణు_డల్లాస్ | 15 సెప్టెంబర్ 2005

మైలో కేసులో రెండో మాట లేదు, అది ఘోరం. కానీ మిత్రులారా, రెండో వైపు కూడా చూడాలి. నిప్పు లేకుండా పొగ రాలేదు. 1995లో వెనోనా పత్రాలు బయటపెట్టారు. సోవియట్ గూఢచారులు పంపిన రహస్య సందేశాలను అమెరికా సైన్యం విప్పి చదివిన కాగితాలవి. 1940లలో అమెరికా ప్రభుత్వంలో రష్యాకి పనిచేసినవాళ్ళు నిజంగానే ఉన్నారని వాటితో తేలిపోయింది. అణుబాంబు రహస్యాలు నిజంగానే పోయాయి. ఇదంతా కల్పన, అమాయకుల్ని వేటాడారు అని సినిమా చెబితే అది సగం చరిత్రే. క్లూనీ రాజకీయాలు అందరికీ తెలుసు, ఆయన తండ్రి నిరుడు కెంటకీలో డెమోక్రాట్‌గా పోటీ చేసి ఓడిపోయాడు కూడా. కాబట్టి నాకు అనుమానమే.

సుగుణ (షికాగో) | 15 సెప్టెంబర్ 2005

వేణు గారూ, గూఢచారులు ఉన్నారన్నది నిజం. దాన్నెవరూ కాదనడం లేదు. అయితే వాళ్ళని పట్టుకున్నది మెకార్తీ కాదు కదా! అణు రహస్యాలు రష్యాకి చేరవేశారన్న రోజెన్‌బర్గ్ కేసు ఆయన పట్టింది కాదు. గూఢచారి అన్న ఆరోపణ ఎదుర్కొన్న విదేశాంగ శాఖ మాజీ అధికారి ఆల్జర్ హిస్‌కి శిక్ష పడిన తర్వాతే ఈయన వీలింగ్ వెళ్ళాడు. ఆయన జాబితా సంగతే చూడండి. వీలింగ్‌లో 205 అన్నాడని పత్రికల్లో వచ్చింది. ఆ వారంలోనే 57 అన్నాడు. సెనేట్‌కి వచ్చేసరికి 81. నిజంగా చేతిలో జాబితా ఉన్నవాడికి అంకె రోజుకోలా మారుతుందా?

1951లో జనరల్ మార్షల్ మీదే పడ్డాడు. యుద్ధంలో సైన్యాన్ని నడిపిన మనిషిని పట్టుకుని కుట్రదారు అన్నాడు. ఆ మార్షల్ దగ్గరే పైకొచ్చిన ఐసెన్‌హోవర్ 1952లో ఎన్నికల ప్రచారానికి విస్కాన్సిన్ వచ్చినప్పుడు, మార్షల్‌ని సమర్థిస్తూ రాసుకున్న మాటల్ని ప్రసంగంలోంచి తీసేయించుకున్నాడు. అంతటి సైన్యాధిపతే జంకితే గుమస్తాల గతి ఏమిటి? అసలు దొంగలు ఎక్కడో ఉండగా, అందరూ భుజాలు తడుముకుంటూ బతకాల్సిన రోజులవి.

వేణు_డల్లాస్ | 16 సెప్టెంబర్ 2005

మార్షల్ విషయం ఒప్పుకుంటాను. సరే, ఇంకో ప్రశ్న. వీలింగ్ ఉపన్యాసం 1950లో. మర్రో ప్రసారం 1954లో. ఆ నాలుగేళ్ళూ ఏం చేస్తున్నట్టు? 1950 చివర్లో సీబీఎస్ తన ఉద్యోగులందరి దగ్గరా, కమ్యూనిస్టులతో సంబంధం లేదనే విధేయతా పత్రం మీద సంతకాలు తీసుకుంటే మర్రో కూడా పెట్టాడు. మెకార్తీని పడగొట్టింది మర్రో అని చెప్పడం అతిశయోక్తి.

పాతరేడియో | 16 సెప్టెంబర్ 2005

మంచి ప్రశ్న. మర్రో మొదటివాడు కాదు. వాషింగ్టన్ పోస్ట్ కార్టూనిస్టు హెర్‌బ్లాక్ 1950 మార్చిలోనే గీశాడు. ఆ బొమ్మలోంచే ‘మెకార్తీయిజం’ అన్న మాట జనంలోకి వచ్చింది. జూన్ 1న సెనేటర్ మార్గరెట్ చేజ్ స్మిత్, మెకార్తీ పార్టీలోనే ఉంటూ, సభలో నిలబడి భయం, మూఢత్వం, పరనింద మీద ఎక్కి గెలవడం మన పార్టీకి వద్దు అన్నారు. డ్రూ పియర్సన్ అనే కాలమిస్టు వరసగా రాస్తే 1950 డిసెంబర్‌లో ఒక క్లబ్బులో మెకార్తీ అతని మీద చెయ్యి చేసుకున్నాడు. మార్చి 9 ప్రసారం జరిగిన రోజునే, పగటిపూట సెనేట్‌లో వెర్మాంట్ సెనేటర్ ఫ్లాండర్స్ కూడా మెకార్తీని దులిపేశాడు.

వీళ్ళెవరినీ చూపించకుండా ఒక్క వీరుణ్ణి నిలబెడితే నాకూ నచ్చదు. మర్రో కూడా ఆ రాత్రి అలా చెప్పుకోలేదు. ఈ భయాన్ని మెకార్తీ పుట్టించలేదు, ఉన్న భయాన్ని వాడుకున్నాడు, తప్పు మనలోనే ఉంది అన్నాడు. ఆ ‘మనలో’ తను కూడా ఉన్నాడని నేను అనుకుంటాను.

డెస్క్‌మనిషి (విజయవాడ) | 17 సెప్టెంబర్ 2005

నేను చాలాకాలంగా పత్రికలో డెస్కులో పనిచేస్తున్నాను. నాలుగేళ్ళు ఎందుకు పట్టింది అన్నదానికి వృత్తిలోంచి ఒక మాట చెబుతాను. ధైర్యం లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

ఆ రోజుల్లో అమెరికన్ పత్రికల్లో గట్టి నియమం ఉండేది. సెనేటర్ ఏమన్నాడో అది రాయాలి, నీ వ్యాఖ్యానం కలపకూడదు. మెకార్తీ ఈ నియమాన్ని అడుగంటా చదివాడు. డెడ్‌లైన్ దగ్గరపడ్డాక విలేఖరుల్ని పిలిచి కొత్త పేరొకటి వదిలేవాడు. వార్తా సంస్థలకి అరగంట టైమ్ ఉంటుంది. అవతలి మనిషిని పట్టుకుని వివరణ తీసుకునే వీలుండదు. ‘ఫలానావాడు కమ్యూనిస్టు: మెకార్తీ’ అని మొదటి పేజీలో పడుతుంది. ఆ ఫలానావాడి ఖండన మర్నాడు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వస్తుంది. ఎవరు చదువుతారు? సెనేట్ లోపల అన్న మాటకి పరువునష్టం దావా కూడా వెయ్యడానికి లేదు.

రాత్రి ఎడిషన్ కదిలే వేళకి ఇలాంటి వార్త టేబుల్ మీదికొస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అన్నది పెద్దమనిషి, మనం వెయ్యకపోతే పక్క పత్రిక వేస్తుంది. ‘అన్నారు’, ‘ఆరోపించారు’ అని చివర తగిలిస్తే మన చేతులు శుభ్రం అనుకుంటాం. పేరు పడ్డ మనిషి బతుకు మాత్రం తెల్లారేసరికి మారిపోతుంది. కాబట్టి మర్రో ఆ అరగంటలో చేసినదాంట్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది తిట్టడం కాదు, సరిచూడటం. ఆరోపణనీ, సరిచూసిన నిజాన్నీ ఒకే ఊపిరిలో, ఒకే పేజీలో పెట్టడం. దానికి మనుషులు కావాలి, రోజులు కావాలి, పాత ఫిల్ము దాచుకుని ఉండాలి, డబ్బు పెట్టే యజమాని ఉండాలి. సీబీఎస్ అధిపతి పేలీ ప్రసారానికి ముందు మర్రోకి, ఈ రోజూ నీతో ఉంటాను, రేపూ ఉంటాను అని చెప్పాడంటారు. ఫ్రాంక్ లాంజెలా వేస్తున్న ఈ పాత్ర ఎలా వచ్చిందో చూడాలని ఉంది.

ఓరుగల్లు | 17 సెప్టెంబర్ 2005

డెస్క్‌మనిషి గారి పోస్టు దాచుకోదగ్గది.

మన దగ్గర ఇలాంటి కథ ఒకటుంది, దాన్ని తలుచుకోకుండా ఉండలేకపోతున్నాను. 1948లో హైదరాబాద్‌లో ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఖాసిం రజ్వీ మతం పేరుతో జనాన్ని భయపెట్టి రజాకార్లను ఊళ్ళ మీదికి తోలుతున్న రోజుల్లో, సంస్థానం భారత్‌లో కలవాలని ఒక ముస్లిం యువకుడు రాశాడు. ఆగస్టులో ఓ రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుంటే దారికాచి కాల్చి చంపారు, రాసిన చెయ్యి నరికారు. పోలీసు చర్య ఇంకో నెలకి గానీ రాలేదు. మర్రోకి పోయేది ఉద్యోగం, పరువు. ఈయనకి ప్రాణమే పోయింది. ఈయన మీద పెద్ద సినిమా ఎప్పుడొస్తుందో!

మాడరేటర్ | 18 సెప్టెంబర్ 2005

షోయబుల్లా ఖాన్ మీద విడిగా ఒక చర్చ తెరుస్తున్నాను. ఓరుగల్లు గారూ, మీ పోస్టునే అక్కడ మొదటిదిగా పెట్టాను, మిగతా వివరాలు అక్కడ రాయండి. ఇక్కడ సినిమా, ఆ కాలం గురించి కొనసాగిద్దాం.

సుగుణ | 19 సెప్టెంబర్ 2005

ఈ సినిమా ఇప్పుడే ఎందుకొస్తోంది అన్నది కూడా మాట్లాడుకోవాలి. ఇరాక్ యుద్ధానికి ముందు మారణాయుధాల వార్తల్ని తగినంత గట్టిగా పరీక్షించలేదని నిరుడు మే నెలలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకులే ఒప్పుకుని రాశారు. డెస్క్‌మనిషి గారు చెప్పిన జబ్బే అది: ‘అధికారులు చెప్పారు’ అని రాసేసి ఊరుకోవడం.

2001 సెప్టెంబర్ తర్వాత మనవాళ్ళు ఇక్కడ ఎలా గడిపారో గుర్తుంది కదా. అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ గారిని తలపాగా చూసి కాల్చేశారు. ఆ వారాల్లో మావారు ఫోన్‌లో తెలుగు మాట్లాడుతూ రైలెక్కితే చుట్టుపక్కలవాళ్ళు తలతిప్పి చూసేవారు. దాంతో బయట ఫోన్ ఎత్తడమే మానేశారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. అయినా మానేశారు. భయం అలాగే పనిచేస్తుంది. మర్రో ఆ రాత్రి, అసమ్మతిని దేశద్రోహం అనుకోకూడదు, ఒకరినొకరు చూసి భయపడుతూ నడవం అన్నాడు. నాకు ఆ మాటలు థియేటర్‌లో, నలుగురి మధ్య కూర్చుని వినాలనుంది.

వేణు_డల్లాస్ | 19 సెప్టెంబర్ 2005

సుగుణ గారూ, మీరు చెప్పింది మా ఇంట్లోనూ జరిగింది. దాని మీద మనకి తేడా లేదు.

సినిమాకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఆనీ లీ మాస్. మార్చి 16 ఎపిసోడ్‌లో చూపించిన ఆమె సైన్యం కమ్యూనికేషన్స్ విభాగంలో చిన్న ఉద్యోగిని, నల్లజాతి స్త్రీ. కమ్యూనిస్టన్న ఆరోపణ మీద ఆమెని విచారిస్తుండగా మధ్యలో మెకార్తీ లేచి వెళ్ళిపోతాడు, కెమెరా ఆ ఖాళీ కుర్చీ మీద నిలుస్తుంది. గొప్ప షాట్, కాదనను. అయితే కమ్యూనిస్టు పార్టీ రికార్డుల్లో ఆమె పేరు, చిరునామా ఉన్నాయని 1958లో ఒక ప్రభుత్వ బోర్డు చెప్పింది. ఆ సంగతి సినిమా దాచిపెడితే నేను నిలదీస్తాను.

పాతరేడియో | 20 సెప్టెంబర్ 2005

నిలదీయండి, మీ పక్కన నేనూ ఉంటాను. అయినా మర్రో ఆ ఎపిసోడ్‌లో ఆమె నిర్దోషి అని తీర్పు చెప్పలేదు. తన మీద సాక్ష్యం చెప్పినవాళ్ళెవరో తెలుసుకునే హక్కు, వాళ్ళని ఎదురుగా ప్రశ్నించే హక్కు ఆమెకి ఉందా లేదా అన్నదే అక్కడి సంగతి. రేపు ఆమె పార్టీ సభ్యురాలని తేలినా ఆ హక్కు పోదు.

సినీలోకం | 21 సెప్టెంబర్ 2005

సినిమా కబుర్లు కొన్ని. బడ్జెట్ 70 లక్షల డాలర్లే. రాసినందుకు, తీసినందుకు, నటించినందుకు క్లూనీ ఒక్కోదానికి ఒక్కో డాలర్ తీసుకున్నాడట. ఆయన వేస్తున్నది ఫ్రెండ్లీ పాత్ర. తండ్రి నిక్ క్లూనీ టీవీలో వార్తలు చదివినవాడు, ఇంట్లో మర్రో పేరు వింటూ పెరిగానంటున్నాడు. రాబర్ట్ డౌనీ, పట్రీషియా క్లార్క్‌సన్ ఉన్నారు. మధ్యమధ్యలో డయాన్ రీవ్స్ జాజ్ పాటలు.

ఒక్కటే భయం నాకు. మెకార్తీ ఓడిపోయాడు, మర్రో గెలిచాడు, చప్పట్లు అని ముగిస్తారేమో.

పాతరేడియో | 21 సెప్టెంబర్ 2005

అలా ముగించడానికి చరిత్ర ఒప్పుకోదండీ.

మెకార్తీ పతనం నిజమే. 1954 ఏప్రిల్ 6న మర్రోకి జవాబిస్తూ తీసిన ఫిల్ములో ఆయన్ని నక్కల గుంపుకి నాయకుడన్నాడు, అది బెడిసికొట్టింది. ఆ తర్వాత సైన్యంతో పెట్టుకున్న విచారణలు టీవీలో జనమంతా చూశారు. జూన్ 9న జోసెఫ్ వెల్చ్ అనే లాయరు మీకు మర్యాదంటూ మిగల్లేదా అని అడిగేశాడు. గాలప్ సర్వేలో జనవరిలో 50 శాతం ఉన్న ఆదరణ జూన్‌కి 34కి పడింది. డిసెంబర్ 2న సెనేట్ 67–22తో అభిశంసించింది. 1957లో 48 ఏళ్ళకే పోయాడు.

అటు వైపు కూడా చూడండి. మార్చి 9 రాత్రి ప్రసారం కాగానే 11 గంటల వార్తలు చదివిన డాన్ హోలెన్‌బెక్ అక్కడికక్కడే మర్రోని మెచ్చుకున్నాడు. హర్‌స్ట్ పత్రికల కాలమిస్టు జాక్ ఓబ్రయన్ ఆయన్ని ముందు నుంచే వెంటాడుతున్నాడు, ఆ తర్వాత ఇంకా పెచ్చుమీరాడు. జూన్ 22న హోలెన్‌బెక్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ పాత్ర రే వైజ్ వేస్తున్నాడు. మర్రో కథ చెప్పేవాళ్ళు చాలామంది ఈయన్ని వదిలేస్తారు. క్లూనీ వదల్లేదు, అందుకే ఈ సినిమా మీద నాకు నమ్మకం.

1955లో ‘సీ ఇట్ నౌ’ స్పాన్సర్, అల్యూమినియం కంపెనీ ఆల్కోవా తప్పుకుంది. అదే ఏడాది జూన్‌లో 64,000 డాలర్ల క్విజ్ షో మొదలైంది, జనం దాని మీద ఎగబడ్డారు. వారం వారం వచ్చే ‘సీ ఇట్ నౌ’ అప్పుడప్పుడూ వచ్చే కార్యక్రమం అయిపోయింది, 1958లో ఆగిపోయింది. ఈ కడుపునొప్పి నాకొద్దు అన్నాడట పేలీ. నీతో ఉంటానన్న పేలీయే! ఆ అక్టోబర్ 15న షికాగోలో, వార్తా ప్రసారకుల సభలో, తనకి జీతమిచ్చేవాళ్ళ ముందే మర్రో, ఈ పెట్టె నేర్పగలదు, మనుషులు అలా వాడుకుంటేనే, లేకపోతే అది వైర్లూ దీపాలూ ఉన్న డబ్బా అన్నాడు.

(ఆ నెలలోనే ఆయన ‘స్మాల్ వరల్డ్’ అనే కొత్త కార్యక్రమం మొదలుపెట్టి ఢిల్లీలో ఉన్న నెహ్రూని, రచయిత ఆల్డస్ హక్స్‌లీని, అమెరికన్ రాజకీయ నాయకుడు థామస్ డ్యూయీని కలిపి మాట్లాడించాడు. నెహ్రూ అభిమానులు వెతికి చూడండి.)

డెస్క్‌మనిషి | 22 సెప్టెంబర్ 2005

హోలెన్‌బెక్ సంగతి నాకు తెలియదు. మా డెస్కులో కుర్రాళ్ళకి ఈ చర్చ మొత్తం ప్రింటు తీసి ఇస్తున్నాను. డీవీడీ వచ్చాక ఎవరైనా ఇండియా వస్తూ ఒకటి తెచ్చిపెట్టగలరా? ఖర్చు నేనిస్తాను.

డెట్రాయిట్ శ్రీను | 23 సెప్టెంబర్ 2005

నేను డిసెంబర్‌లో వస్తున్నాను అన్నా, అప్పటికి వస్తే తప్పకుండా తెస్తాను. మా వైపు థియేటర్లకి ఎప్పుడొస్తుందో ఇంకా ప్రకటించలేదు. వచ్చిన రోజున ఆన్ ఆర్బర్‌లో చూద్దామని నలుగురం అనుకున్నాం, డెక్స్టర్ అక్కడికి దగ్గరే. వచ్చేవాళ్ళు మెసేజ్ పెట్టండి.

పాతరేడియో | 23 సెప్టెంబర్ 2005

న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్ళకి: అక్టోబర్ 8 శనివారం మధ్యాహ్నం ఆటకి మన్‌హాటన్ వెళ్దామనుకుంటున్నాం. వేణు గారూ, ఆ వారం మీకు ఇటువైపు పని ఉందన్నారు, మీరూ రండి. మాస్ ఎపిసోడ్ దగ్గర మీరేమంటారో వినాలి. టిక్కెట్లు ముందే తీయాలి కాబట్టి ఎవరెవరు వస్తారో ఈ నెలాఖరులోగా చెప్పండి. చూసొచ్చినవాళ్ళు వివరాలు రాసేటప్పుడు పైన ‘కథ ఉంది’ అని పెట్టండి, హైదరాబాద్, విజయవాడ వాళ్ళు ఇంకా చూడరు.